చేపల గంపలో లాప్‌టాప్

మొన్న ఒక లెక్చరర్ గారు మా షాపుకి వచ్చారు. రోజువారీ పనులకి చిన్న లాప్‌టాప్ కావాలి, మోయడానికి తేలిగ్గా ఉండాలి, ధర మరీ ఎక్కువ ఉండకూడదు అన్నారు. ఈ మూడు ముక్కలు చెప్పడానికి పావుగంట తీసుకుని, మధ్యలో ప్రాసెసర్ల గురించి నాకొక పాఠం కూడా చెప్పారు. నేను బుద్ధిగా విని, అరలోంచి ఒక మిషన్ తీసి, దాన్ని పట్టుకుని బయటకి నడిచాను. మిట్టమధ్యాహ్నం, ఆటోల మధ్య, నడిరోడ్డు మీద నిలబడి మూత తెరిచి, "ఇప్పుడు చూడండి, ఏమైనా కనపడుతోందా?" అన్నాను.

"నేను దీన్ని స్టాఫ్ రూములో వాడతానండీ," అన్నారాయన, పిచ్చివాడితో మాట్లాడినంత మెల్లగా.

నిజమే. శ్రీకాకుళంలో లాప్‌టాప్ కొనేవాళ్ళెవరూ ఎండలో నిలబడి వాడరు. అయినా ఈ అలవాటు నాకు పోదు. అది నేర్పిన మనిషికి అక్షరం ముక్క రాదు. లాప్‌టాప్‌ని చివరిదాకా 'పెట్టి' అనే అంది. మా జిల్లా మొత్తం మీద లాప్‌టాప్‌ని వాసన చూసి కొన్న మనిషి ఆవిడ ఒక్కర్తే అనుకుంటాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రహస్యమేమీ లేదు, నాకు తెలియదు. వారంటీ కార్డు నింపుతూ పేరు అడిగితే, "పేరెందుకురా? సెడిపోతే పెట్టిని బాగుసేస్తావా, నన్ను బాగుసేస్తావా?" అంది. నేను 'చేపల అత్త' అని రాసి, నా ఫోన్ నంబరిచ్చి పంపించేశాను. ఆ తరవాత రెండేళ్ళపాటు ప్రతి పండక్కీ కంపెనీవాళ్ళు చేపల అత్త గారికి శుభాకాంక్షలు చెబుతూ నాకు మెసేజ్‌లు పెట్టారు.

రెండువేల పన్నెండు ప్రాంతం అనుకుంటాను. ఏడు రోడ్ల కూడలికి రెండు సందుల అవతల మా షాపు. షాపంటే ఒక షట్టరు, ఒక బల్ల, విప్పేసిన కంప్యూటర్ల గుట్ట. ఆవిడ కళింగపట్నం పక్క పల్లె నుంచి తొలి బస్సుకి గంపతో దిగి, మార్కెట్లో చేపలమ్ముకుని, మధ్యాహ్నం మా సందులోంచే తిరిగి వెళ్ళేది. మా అమ్మకీ ఆవిడకీ ఎండు నెత్తళ్ళ బేరం దగ్గర పాత గొడవలున్నాయి కాబట్టి నాకు మొహం తెలుసు. ఒకరోజు ఖాళీ గంప గుమ్మంలో దింపి, సరాసరి లోపలికి వచ్చింది.

"ఒరే నాయినా, ఆకాసం బొమ్మ సూపించీ పెట్టి ఉన్నాదేటి నీకాడ?"

"ఆకాశం బొమ్మేంటి అత్తా?"

"అదేరా, తుపానొస్తే టీవీలో సూపిస్తారు. తెల్లగ మబ్బు గిర్రున తిరుగుతాది. సూసీలోపలే అది తీసేసి ఎవుడిదో మొకం పెడతారు. ఆడు మాటాడతాడు, మాటాడతాడు, మరి ఆపడు. ఆడి మొకం నాకెందుకు? నాకా బొమ్మే కావాల. నేను సాలన్నంతసేపు అది కదలకుండ ఉండాల."

ఉపగ్రహం తీసే ఫొటో గురించి అడుగుతోందని అర్థమైంది. అది ఇంటర్నెట్లో ఉంటుందనీ, డబ్బులు కట్టక్కర్లేదనీ చెప్పాను.

"ఊరికే ఎవులిస్తారు?"

"గవర్నమెంటు."

"అయితే నమ్మీలాగ నేదు," అంది. అనేసి, "ఏదీ, సూపించు," అంది.

బల్ల మీద నా కంప్యూటర్లో ఆ పేజీ తెరిచాను. ఇది మన తీరం, ఇది విశాఖపట్నం, ఇదిగో ఇక్కడ మీ ఊరు అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఇంక మాట్లాడలేదు. ఆ స్త్రీకి మాట పడిపోవడం నేను చూసిన రెండు మూడు సార్లలో అదొకటి. నలభై ఏళ్ళుగా ఒడ్డున నిలబడి కిందనుంచి చూసిన మబ్బుని మొదటిసారి పైనుంచి చూస్తోంది. అరగంట అలాగే నిలబడింది. ఇద్దరు కస్టమర్లు వచ్చి చేపల వాసనకి తలుపు దగ్గరనుంచే వెళ్ళిపోయారు. చివరికి తెర మీద చూపుడువేలు ఆనించి, ఒక తెల్లటి చారని పైకి నెడుతున్నట్టు జరిపి, "ఇది రేపు ఇక్కడికొస్తాది. ఎల్లుండికి ఒడిసా ఎల్లిపోతాది," అంది. సరదాకి రెండు రోజులూ చూశాను. ఒడిసాయే వెళ్ళింది.

తెర మీద వేలిముద్ర తుడుస్తూ, ఇదంతా ఆవిడకెందుకని అడిగాను. ఒక్క వాక్యమే చెప్పింది. "మా ఆయన ఏటకెల్లి రానినాడు రేడియో పాటలేసిందిరా." మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. 

రోజూ నా షాపుకొచ్చి చూసుకోమన్నాను. కుదరదంది. పెట్టె ఒడ్డుకి రావాలట. "మగోల్లు నా ఇంటికొచ్చి నా మాట ఇంటారేటి? ఆల్ల మొకాల ముందెట్టాల." అప్పటికే ఊళ్ళో పెద్ద షోరూముకి వెళ్ళొచ్చింది. గంప బయట పెట్టమన్నారట. లోపల ఒకతను టై కట్టుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పాడట. "మెడకి ఆడే తాడు బిగించుకున్నాడు. ఆడి సలహా నేనేటి ఇంటాను?" అని లేచి వచ్చేసింది.

నిజం చెప్పాలి. నేను కూడా ఆవిడని మోసం చెయ్యడానికే మొదలుపెట్టాను. ఎవరో వదిలించుకున్న పెద్ద లాప్‌టాప్ ఒకటి నా దగ్గర ఏడాదిగా పడి ఉంది. దాన్ని తుడిచి ముందు పెట్టాను. ఆవిడ రెండు చేతులతో ఎత్తి, "ఎంత?" అంది. ధర చెప్పబోయాను.

"కరీదు కాదురా. బరువు."

"రెండున్నర కేజీలుంటుంది."

"మూడుకి పావు తక్కువ."

పంతానికి పోయి పక్క కిరాణా కొట్లో కాటా మీద పెట్టించాను. మూడుకి పావు తక్కువే. కిరాణా ఆయన నవ్వుకి నా చెవులు ఎర్రబడ్డాయి. "నీ కంప్యూటరికి తెలీనిది నా సేతికి తెలస్తాది. దీన్ని నెత్తి మీదెట్టుకుని తిరిగితే పెట్టి ఉంటాది, నా మెడుండదు," అని వెళ్ళిపోయింది.

వారం తరవాత ఇంకొకటి తెప్పించాను. సన్నగా, తళతళలాడుతూ, అద్దంలా మెరిసే తెర. నేనే ముచ్చటపడి తెప్పించిన సరుకు. ఆవిడ దాన్ని తీసుకుని చక్కా రోడ్డు మీదకి వెళ్ళింది. నేను వెనకాల. ఎండలో మూత తెరిచి, అటు తిప్పి, ఇటు తిప్పి, చీర కొంగు అడ్డం పెట్టి చూసి, నా చేతికిచ్చేసింది.

"ఇందులో నా మొకమే కనపడతన్నాది. నా మొకం నేను సూసుకుని ఏడవడానికి ఇన్ని ఏలెందుకు? ఒడ్డున నీడెక్కడుంటాది రా?"

అప్పటికి పదేళ్ళుగా కంప్యూటర్ల వ్యాపారంలో ఉన్నాను. తెర ఎన్ని అంగుళాలని అడిగినవాళ్ళున్నారు, రంగులెన్నని అడిగినవాళ్ళున్నారు. ఎండలో కనపడుతుందా అని ఒక్కరూ అడగలేదు. నాకూ తట్టలేదు. ఆ రోజు నుంచి మొదలైంది నా రోడ్డు మీద పరీక్ష.

మూడోది చూపించడానికి నాకే సిగ్గేసింది. పది అంగుళాల నల్ల ప్లాస్టిక్ డబ్బా. అప్పట్లో నెట్‌బుక్కులని అమ్మేవారు. స్విచ్ వేసి టీ తాగొస్తే అప్పటికి తెరుచుకునేది. తెరకి మెరుపు లేదు, ఒంటికి అందం లేదు, ఉన్నవాటిల్లో చవక. ఆవిడ దాన్ని ముందు వాసన చూసింది. నాలుగు మూలలా బొటనవేలితో నొక్కింది. మూత ఎత్తి, మడత దగ్గర, చేప మొప్పల్లోకి చూసినట్టు కన్ను పెట్టి చూసింది. ఎండలోకి తీసుకెళ్ళింది. బొమ్మ వెలవెలబోయినా కనపడింది. తరవాత ఏమీ చెప్పకుండా దాన్ని గంపలో పెట్టి, గంప నెత్తిన పెట్టుకుని నడక అందుకుంది.

"అత్తా! అత్తా!" అని నేను చెప్పుల్లేకుండా వెంటపడ్డాను. సందు దాటింది, కూడలి దాటింది. జనం నన్ను చూస్తున్నారు. నా లాప్‌టాప్ ఆటోలు, బస్సులు, పశువుల మధ్యలోంచి ఆవిడ నెత్తి మీద ఊరేగుతోంది. కూడలి చుట్టూ తిరిగి, వచ్చిన దారినే తిరిగొచ్చి, గంప నా బల్ల మీద దింపింది.

"మెడ నొయ్యనేదు," అంది. "కరెంటు పోతే ఇదెంతసేపు బతుకుద్ది?"

"కంపెనీ లెక్కయితే ఎనిమిది గంటలు."

"కంపెనీ లెక్క ఒగ్గీ. నీ లెక్క సెప్పు."

నేను నసిగాను. దాంతో ఆవిడ తీగ పీకించి, మిషన్ ఒళ్ళో పెట్టుకుని నా గుమ్మంలో బైఠాయించింది. గాలి లేస్తే ముందు పోయేది కరెంటే కదా, అందుకని అది ఎప్పుడు చస్తుందో తన కళ్ళతో చూడాలట. రెండు బస్సులు వదులుకుంది. లోపలికి రావాలన్న ప్రతివాడూ ఆవిడ కాళ్ళు దాటాల్సివచ్చి వెనక్కి పోయాడు. అయిదు గంటలకి కాస్త పైగా బతికి తెర నల్లబడింది. "నాయమైన సరుకే," అని లేచింది, చనిపోయినవాడి గురించి మంచిమాట చెప్పినట్టు.

ఇంక బేరం. ఆ సంగతి క్లుప్తంగా చెబుతాను. నాకు కలిసొచ్చింది ఒక కేజీ ఎండు రొయ్యలు.

ఇంటర్నెట్టుకి ఒక డాంగిల్ ఇచ్చాను. మిషన్ పక్కన గుచ్చుకుని వేలాడే ఆ వేలెడు ముక్కకి ఆవిడ 'తోక' అని పేరు పెట్టింది. లాప్‌టాప్ తెరవగానే ఆ బొమ్మొక్కటే వచ్చేలా చేశాను. ఒక మీట మీద మా ఆవిడ స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి, ఇది నొక్కితే బొమ్మ, మిగతావి నీకక్కర్లేదు అన్నాను. ఆవిడ బొట్టు వైపు కాసేపు చూసి, "నాకు పోయింది దీనికొచ్చింది," అని నవ్వింది.

ఆ దీపావళి ముందు వాళ్ళ ఊరి మీద పడింది మా ఇద్దరి ప్రజ్ఞ.

ఒకరోజు పొద్దున్నే పెట్టెలో పెద్ద తెల్లటి సుడి కనపడింది ఆవిడకి. గంపలో పెట్టుకుని, పడవలు కదిలే వేళకి ముందే ఒడ్డుకి పరిగెత్తింది. అక్కడ ఆవిడ మరిది ఉన్నాడు. ఊళ్ళో పెద్ద పడవ అతనిదే, పెద్ద గొంతూ అతనిదే. మిగతావాళ్ళందరూ అతన్ని చూసి కదులుతారు. వదినా మరుదులు గంటసేపు వాదులాడుకున్నాక అతను సరేనన్నాడు. తొమ్మిది పడవలు రెండు రోజులు కట్టేసి కూర్చున్నారు. ఆ రెండు రోజులూ సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. పక్క ఊళ్ళవాళ్ళకి వంజరం చేపలు పడవలు నిండిపోయేంత పడ్డాయి.

మూడోరోజు నా బల్ల మీద లాప్‌టాప్ ధబ్బున పడింది.

"నీ పెట్టి అబద్దమాడింది రా."

మూత తెరిచి చూశాను.  డాంగిల్ రీచార్జ్ ఎప్పుడో అయిపోయింది. ఇంటర్నెట్ లేకపోయేసరికి మిషన్ లోపల దాచుకున్న పాత ఫొటోనే చూపిస్తోంది. ఫొటో కింద తేదీ ఉంది. ఆ సుడి ఎప్పుడో ఎటో వెళ్ళి చచ్చింది. రీచార్జ్ అయిపోతే బొమ్మ ఆగిపోతుందని నేను చెప్పలేదు. తేదీ చూసుకోవాలని చెప్పలేదు. ఆవిడకి చదువు రాదు కదా, చెప్పి ఏం లాభం అనుకున్నాను.

"అత్తా, ఇది పాత బొమ్మ."

"ఎంత పాత?"

"అయిదు రోజులు."

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అయిదు రోజుల సేపకి కల్లెలగుంటాయో నాకు తెలుసు. అయిదు రోజుల బొమ్మకి కల్లెక్కడుంటాయో నువ్వెందుకు సెప్పనేదు?" అంది. నేను డాంగిల్ పీకి మళ్ళీ గుచ్చాను. "నడు," అంది.

"ఎక్కడికి?"

"ఊరికి. నాకు సెప్పింది సాలదు. ఆల్లకి సెప్పు."

షట్టరు దించి బస్సెక్కాను. దారంతా ఆవిడ నా వైపు చూడలేదు. ఒడ్డున ఒక ఇరవైమంది మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్ళ మధ్యలో నన్ను నిలబెట్టి, "సెప్పు," అంది. చెప్పాను. తప్పు ఆవిడది కాదనీ, మిషన్‌దీ కాదనీ, నాదేననీ. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే మాటలు ఎంత చిన్నగా వస్తాయో అప్పుడు తెలిసింది.

మరిది వల కింద పెట్టి లేచాడు. "నువ్వేటి సదివేవు?"

"డిప్లొమా."

"మా వదినేటి సదివింది?"

నేను ఇసుకలోంచి ఒక కాలు పీక్కున్నాను.

"డిప్లొమావోడు, ఏటీ సదవనిదీ కలిసి మా రెండ్రోజుల ఏట తినీసినారు," అన్నాడు. ఒకళ్ళిద్దరు బూతులు తిట్టారు. మిగతావాళ్ళు నవ్వారు. నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. తిడుతూనే ఆడవాళ్ళు కూర్చోబెట్టి అన్నంలో కవళ్ళ చేపల పులుసు పోశారు. తింటుండగా ఆవిడ పక్కన కూర్చుని, "ఇప్పుడు సెప్పు, బొమ్మకి కల్లెక్కడ?" అంది. అక్షరాలు రావుగాని అంకెలన్నీ వచ్చు. బస్సు నంబర్లు చదువుకుని తిరిగే మనిషి. తేదీ ఎక్కడుంటుందో, గంటలు ఎక్కడుంటాయో రెండు నిమిషాల్లో పట్టేసింది. ఆ రెండు నిమిషాలే నేను మొదటిరోజు ఇవ్వలేకపోయింది.

ఆ తరవాత ప్రతి నెలా ఒకటో తేదీకల్లా రీచార్జ్‌కి వచ్చేది. లాప్‌టాప్ మూత తెరిస్తే షాపంతా ఎండుచేపల వాసన. మీటల మధ్యనుంచి పొలుసులు దులిపేవాణ్ణి. పాత బొమ్మ మాట మాత్రం నాకు తరచుగా గుర్తుచేసేది, మా అమ్మ ముందు, మా ఆవిడ ముందు, కస్టమర్ల ముందు.

రెండేళ్ళ తరవాత, దసరా వెళ్ళిన రోజుల్లో జరిగిన సంగతి నేను చూడలేదు. అక్కడున్న నలుగురు వేరువేరుగా చెప్పారు. తిట్లు తప్ప నాలుగూ ఒకేలా ఉన్నాయి కాబట్టి నమ్ముతున్నాను.

తుపానొస్తోంది, వేటకి వెళ్ళొద్దని రేడియో చెప్పింది. జీపులో ఎవరో వచ్చి మైకులో కూడా వద్దన్నారు. కాని రేడియో వద్దనడం, తరవాత ఏమీ రాకపోవడం వాళ్ళకి అలవాటే. ఆ పొద్దున్న సముద్రం నెమ్మదిగానే ఉంది. పడవలు నీళ్ళలోకి తొయ్యడానికి సిద్ధమవుతున్నాయి. ఆవిడ పెట్టె పట్టుకుని వచ్చింది. "తారీకు సూసేను. గంటలు సూసేను. తాజా బొమ్మ. సూడు," అని మరిది ముందు తెరిచింది.

మరిది చూడలేదు. "కిందటిపాలి సూసేను, సాలు. అడ్డు లెగు వదినా."

ఒక సంగతి చెప్పాలి. ఆ ఒడ్డున పడవలు వేటకి వెళ్ళేటప్పుడు విధవరాలు ఎదురు రాకూడదు. పడవని, వలని ముట్టుకోనే కూడదు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ ఆచారాన్ని నోరెత్తకుండా పాటించింది. పడవలు కదిలే వేళకి ఇళ్ళ వెనక్కి వెళ్ళి నిలబడేది. ఊరందరినీ ఏకవచనంలో పిలిచే మనిషి ఆ ఒక్కదానికీ తలొంచింది.

ఆ రోజు పెట్టెని మూసి ఇసుక మీద పెట్టింది. చీర పైకి దోపింది. మరిది పడవెక్కి, చుట్టి పెట్టిన వల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముండమోపి కూకున్న వల. ఇంక ఎల్లండి, ఎలగెల్తారో సూస్తాను."

 ఆవిడ దిగి రెండో పడవెక్కింది. వల మీద కూర్చుంది. దిగింది. మూడోది. నాలుగో పడవ ముసలాయన రెండు చేతులూ జోడించి, "వద్దప్పా, నా పడవెక్కకు, నీ కాల్లు మొక్కుతాను," అని ఏడ్చాడు. "నువ్వు సచ్చిపోతే మీ ఆడది నాలాగైపోద్ది రా. అప్పుడది ఎక్కుద్ది," అని అదీ ఎక్కింది. చెయ్యి పట్టి లాగేద్దామంటే అడ్డుకోవడానికి ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. తొమ్మిదో పడవ దగ్గర కాలు జారి మోకాలు చీరుకుపోయింది. నెత్తురు కారుతుండగానే ఎక్కి కూర్చుంది. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి.

మైల పడ్డ వల నీళ్ళలో వెయ్యరు. గంగమ్మకి కోడిని కొయ్యాలి, పసుపునీళ్ళు చల్లాలి, తొమ్మిది పడవలకీ చెయ్యాలి. కోళ్ళు తేవడానికే మధ్యాహ్నమైంది. మరిది ఆ వలని తగలబెడతానన్నాడు, వదినని ఊళ్ళోంచి వెలివేయిస్తానన్నాడు, నన్ను కూడా కలిపి తిట్టాడట. శాంతి పూర్తయ్యేసరికి పొద్దు వాలిపోయింది. మర్నాడు వెళదామన్నారు. మర్నాడు తెల్లవారేసరికి ఒడ్డు మీద మనుషులు నిలబడలేకపోయారు.

ఆ గాలిని మేము శ్రీకాకుళంలోనే చూశాం. సముద్రం పక్క ఎలా ఉంటుందో తలుచుకోవడానికే భయమేసింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. రోడ్డు మీద చెట్లు కొట్టేశాక, అయిదో రోజు, నా బండి మీద వెళ్ళాను. ఎంతమంది పోయారన్న మాట వినాల్సివస్తుందోనని దారిలో ఎక్కడా బండి ఆపలేదు.

ఇళ్ళ మీద కప్పుల్లేవు. ఒడ్డున ఆరు పడవలు పుల్లలైపోయాయి. ఆవిడ పడిపోయిన కొబ్బరిచెట్టు మొద్దు మీద కూర్చుని, తడిసిన బియ్యం గోనె మీద ఆరబోస్తోంది. మోకాలికి గుడ్డ కట్టుకుంది. నన్ను చూసి, "అందరం ఉన్నాం రా," అంది, నేను అడగకముందే. నేను పక్కన కూర్చుని గోనె కొస సరిచేశాను. పెట్టెని అన్నం వండే అల్యూమినియం తపేలాలో పెట్టి, మూత కట్టి, గంపలో తుపాను షెల్టరుకి మోసుకెళ్ళిందట. దాని ఒంటి మీద గీత కూడా పడలేదు.

మరిది వచ్చాడు. విరిగిన పడవ చెక్క ఒకటి చేతిలో ఉంది. గొంతు బొంగురుపోయింది.

"సూడు వదినా, నా పడవ. ఒడ్డునుండబట్టి రాయికి కొట్టుకుని ముక్కలైపోనాది. సముద్రం మీదుండుంటే తేలీది."

"తేలీది," అంది ఆవిడ బియ్యం కెలుకుతూ. "నువ్వూ తేలీవోడివే. మూడోరోజుకి. ఉబ్బిపోయి."

అక్కడున్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మరిది ముఖం ఎర్రబడింది.  చెక్క కింద పడేశాడు. వదిన పక్కనున్న తపేలా ఎత్తి, మూత విప్పి, లాప్‌టాప్ తీసి, భుజం మీద తువ్వాల్లో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి నా చేతికిచ్చాడు.

"డిప్లొమా, మీకాడ కరెంటొచ్చిందేటి? దీనికి సార్జి ఎక్కించి బేగి తే," అన్నాడు. కృతజ్ఞతలు చెప్పడం ఆ కుటుంబంలో అంతకుమించి ఉండదు.

ఆచారం మారిందా అంటే, లేదు. ఆవిడ పడవలకి ఎదురు రాకూడదన్న నియమం అలాగే ఉంది. కాకపోతే వేటకి వెళ్ళేముందు మరిదే వచ్చి వాకిట్లో నిలబడి, "వదినా, ఏటంతన్నాది?" అని అడిగేవాడు. ఆవిడ పళ్ళు తోముకుని, టీ తాగి, అతన్ని కావలసినంతసేపు నిలబెట్టి, అప్పుడు పెట్టె తెరిచేది. తొందరపెడితే మళ్ళీ మొదట్నుంచీ పళ్ళు తోమేదట.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. "వదిన ఎల్లిపోనాది బావూ," అన్నాడు. మధ్యాహ్నం భోంచేసి, కూరలో ఉప్పెక్కువైందని మరిది కోడల్ని తిట్టి, పడుకుని, ఇంక లేవలేదట. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మూడోరోజు మళ్ళీ వెళ్ళాను.

ఊళ్ళో చావు జరిగితే ఆ ఒక్కరోజూ వేటకి వెళ్ళరు. మర్నాటి నుంచి ఎవరి బతుకు వాళ్ళది. కాని నేను వెళ్ళిన పొద్దున్న పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక్కదాని తాడు కూడా విప్పలేదు. దూరంగా పక్క ఊరివాళ్ళ పడవలు వరసగా కనపడుతున్నాయి. గాలి లేదు. చేపలు ఒడ్డుదాకా వచ్చి ఎగురుతున్నాయి. మరిది ఇసుకలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు, అతని చుట్టూ మిగతావాళ్ళు.

"ఇంకా వెళ్ళలేదేం?" అన్నాను పక్కన కూర్చుని. "సముద్రం బాగానే ఉంది కదా."

అతను గెడ్డంతో నీళ్ళ వైపు చూపించాడు.

"బాగానే ఉన్నాది బావూ," అన్నాడు. "ఆ మాట సెప్పీ మనిసే నేదు."